చీటీలో రాశారు.. చెవిన వెయ్యలేదు

*పల్లెల్లో జబ్బు ముందుగా వెళ్లి తలుపు తట్టేది మండల కేంద్రంలోని చిన్న ప్రైవేటు క్లినిక్కునే. అక్కడ సూది దొరుకుతుంది, సెలైను దొరుకుతుంది. ఏం జబ్బో చెప్పే మాట మాత్రం దొరకదు. ఆ మాట దొరకనందుకు ఒక ఇల్లు ఎంత చెల్లించుకుంది?*

కోడలు ప్లాస్టిక్ కవరును చాప మీద బోర్లించింది. మందుల షాపు చీటీలు, ఖాళీ అయిన మాత్రల రేకులు, సగం వాడిన ఆయింట్‌మెంటు ట్యూబు, మడతలు పడిన రక్తపరీక్ష కాగితం ఒకటి. అత్త నులకమంచం మీద కూర్చుని ఉంది. కుడికాలికి కట్టు. ఆ కట్టులో బొటనవేలు లేదు, పక్క వేలూ లేదు.

పదో తరగతి దాకా చదువుకున్న కోడలు ఆ కాగితాన్ని గుమ్మం వెలుతురుకు పట్టి చూపించింది. ఇంగ్లిషులో మూడు అక్షరాలు, ఎదురుగా ఒక అంకె. ఆర్‌బీఎస్ 342. పైన తేదీ. క్లినిక్కుకు మొదటిసారి వెళ్లిన సాయంత్రం తేదీయే అది.

"మా అత్తకి సుగరున్నట్టు ఆల్లకి తెలుసు బాబూ. మాకే తెల్దు."

తిన్నామా తినలేదా అన్నదానితో సంబంధం లేకుండా అప్పటికప్పుడు రక్తం తీసి చూసే షుగరు పరీక్ష పేరు ఆర్‌బీఎస్. అతిమూత్రం, అతిదాహం లాంటి లక్షణాలుండి ఆ అంకె 200 దాటిందంటే మధుమేహమే. 342 అంటే, కాలి మీద పుండున్న మనిషి విషయంలో, గంట కొట్టి చెప్పాల్సిన సంగతి. అది కాగితం మీద ఉంది. కవరులో ఉంది. తొమ్మిది రోజుల పాటు రోజూ కట్టు మార్పించుకోవడానికి ఆ కవరు పట్టుకునే క్లినిక్కుకు వెళ్లొచ్చారు.

ఈ ఇంటి పేరు, ఊరి పేరు, ఆ క్లినిక్కు పేరు ఇక్కడ రాయడం లేదు. నిజానికి ఇది ఒక్క ఇంటి కథా కాదు. శ్రీకాకుళం జిల్లా కోటబొమ్మాళి నుంచి అటు టెక్కలి, ఇటు నరసన్నపేట దాకా ఏ అరుగు మీద కూర్చుని ఆసుపత్రి మాట ఎత్తినా వినిపించే సంగతులను ఒక ఇంట్లోకి తెచ్చి చెబుతున్నాం. వేళ్లు పోయిన కాలు ఒక ఊరిది కావచ్చు, కవరు మరో ఊరిది కావచ్చు. "మాకు ఎవులూ సెప్పలేదు" అన్న మాట మాత్రం అందరిదీ.

గోడల గొడవ, గది లోపలి సంగతి

కొత్త మెడికల్ కాలేజీలను ప్రభుత్వమే కట్టి నడపాలా, ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టాలా అని 2025లో రాష్ట్రమంతా రచ్చ నడిచింది. ర్యాలీలు, సంతకాల సేకరణ, టీవీ చర్చలు. అవసరమైన గొడవే. కానీ అదంతా భవనం గురించి. పదడుగుల గదిలో బల్లకు అటు డాక్టరు, ఇటు రోగి కూర్చున్నప్పుడు వాళ్ల మధ్య ఏ మాట నడుస్తోంది, అసలు నడుస్తోందా అన్నదాని మీద ఏ పార్టీ సంతకాలు సేకరించదు.

శ్రీకాకుళం జిల్లాకు ఆరోగ్య పథకాలు కొత్త కాదు. ఆరోగ్యశ్రీని 2007 ఏప్రిల్ 1న మొదలుపెట్టినప్పుడు తొలి విడతగా ఎంచుకున్నవి మూడే జిల్లాలు. మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం. ఉద్దానం కిడ్నీ జబ్బు కోసం పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో తెరుచుకున్నాయి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది, కోటబొమ్మాళిలోనే సామాజిక ఆరోగ్య కేంద్రం ఉంది. 'కోట బొమ్మాళి పీఎస్' సినిమా వచ్చాక రాష్ట్రానికి ఈ ఊరు పోలీసు స్టేషనుతో గుర్తుండిపోయింది గానీ, ఊరివాళ్లకు స్టేషను కన్నా ఆసుపత్రితోనే పని ఎక్కువ.

మరి ఇన్ని ఉండగా ఆ అత్త ప్రైవేటు క్లినిక్కుకే ఎందుకు వెళ్లింది?

ముల్లు దిగిన నాడు

భాద్రపదంలో కలుపు తీతకు వెళ్లినప్పుడు గట్టు మీద తుమ్మముల్లు దిగింది. లాగి పారేసి మళ్లీ మడిలోకి దిగింది. అరవై దాటినా కూలికి వెళ్లని రోజు లేని మనిషి. ఇంటికొచ్చి పసుపు అద్దింది. నాలుగో రోజు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంటికే వచ్చి ధనుర్వాతం సూదీ, నొప్పి సూదీ వేసి వెళ్లాడు. నొప్పి పెద్దగా లేదు, అందుకని భయమూ లేదు.

అక్కడే మోసం జరిగింది. షుగరు ముదిరినవాళ్ల పాదాల్లో నరాలు మొద్దుబారిపోతాయి. పుండు లోలోపల తినుకుంటూ పోతున్నా పైకి నొప్పి తెలియదు. నొప్పి లేదు కదా అని మనం ఊరుకుంటాం, ఊరుకోకూడనిది సరిగ్గా అప్పుడే. దీనికి తోడు కొత్తమ్మతల్లి జాతర దగ్గర పడింది. చుట్టాలు దిగుతారు, వంటలుంటాయి, పండగ అయ్యాక చూసుకుందాం అనుకున్నారు. జాతర అయ్యేసరికి పాదం పొంగింది.

కొడుకు హైదరాబాదులో అపార్టుమెంట్ల పనిలో ఉన్నాడు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పుడు వైద్య నిర్ణయాలన్నీ ఫోనులోనే. ఇక్కడ కోడలు కాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది, అక్కడ సెంట్రింగు మీద నిలబడి కొడుకు చూస్తాడు. "గవర్నమెంటు ఆస్పత్రికొద్దు, పైవేటుకి తీసుకెల్లు, డబ్బు ఏస్తాను" అంటాడు. అమ్మ దగ్గర లేనన్న బాధకు కొడుకు చేయగలిగింది అదొక్కటే. కాదనడానికి కోడలికి నోరు రాదు.

ఇంకో కారణం మరీ మామూలుది. ప్రభుత్వాసుపత్రి ఓపీ పగటిపూట. కూలీ మనిషికి పగలంటే డబ్బు. తీసుకెళ్లేవాళ్లకూ ఒక రోజు పని పోతుంది. ప్రైవేటు డాక్టరు సాయంత్రం దొరుకుతాడు, రాత్రి తొమ్మిదయినా ఉంటాడు. దేశం మొత్తమ్మీద జాతీయ శాంపిల్ సర్వే 2017-18లో ఆరా తీస్తే, పల్లెల్లో జబ్బుపడి వైద్యం చేయించుకున్న సందర్భాల్లో ప్రభుత్వ వైద్యం దాకా వచ్చినవి మూడో వంతు చుట్టూనే తేలాయి. మిగతాదంతా ఎక్కువగా ప్రైవేటు డాక్టర్లు, క్లినిక్కులు, ఆసుపత్రులే. పల్లె వైద్యం అని మనం ప్రణాళికల్లో రాసుకునేది ఒకటి, పల్లె నిజంగా చేయించుకునేది మరొకటి.

┃ బాక్సు ┃ మూడో వేలికి ముందే..
*ఐసీఎంఆర్ దేశవ్యాప్త అధ్యయనం 2023లో చెప్పిన లెక్క ప్రకారం భారత్‌లో మధుమేహం ఉన్నవాళ్లు 10.1 కోట్ల మంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ముప్పై ఏళ్లు దాటిన ప్రతివారికీ బీపీ, షుగరు ఉచితంగా పరీక్షించడం ప్రభుత్వ కార్యక్రమంలో భాగం. ఏఎన్‌ఎంను, ఆశా కార్యకర్తను అడిగితే ఊళ్లోనే చేస్తారు. షుగరు ఉన్నవాళ్లు రోజూ రాత్రి పడుకునే ముందు రెండు పాదాలనూ, వేళ్ల సందులతో సహా చూసుకోవాలి. వంగి చూడలేనివాళ్లు కింద అద్దం పెట్టుకోవచ్చు, లేదా మనవలతో చూపించుకోవచ్చు. చెప్పుల్లేకుండా మడిలోకి దిగే పని తప్పదనుకుంటే, బయటికొచ్చాక కాళ్లు కడిగి తుడుచుకుని చూసుకోవడమైనా తప్పకూడదు.*

టోకెను నంబరు నలభై ఏడు

క్లినిక్కు ముందు గదిలో కుర్చీలు నిండిపోయి ఉన్నాయి. టోకెను నలభై ఏడు. లోపలికి వెళ్లాక డాక్టరు కాలు చూశాడు. "ఎన్ని రోజులైంది?" అన్నాడు. కోడలు చెప్పడం మొదలుపెట్టింది, ముల్లు దగ్గర్నుంచి. ఆయన అప్పటికే రాస్తున్నాడు. రక్తపరీక్షకు పక్క గదికి పంపారు. కాగితం వచ్చాక మళ్లీ లోపలికి వెళ్తే కాంపౌండరు అందుకుని బల్ల మీద పెట్టాడు. డాక్టరు ఒకసారి చూసి చీటీలో ఇంకో మందు చేర్చాడు. "రోజూ కట్టు కట్టించుకోండి, తగ్గిపోద్ది" అన్నాడు. అంతే.

ఆయన చేర్చిన ఆ మందు షుగరు మాత్రేనని తర్వాత తేలింది. అంటే డాక్టరు కాగితం చూడలేదని అనడానికి లేదు. చూశాడు, మందు కూడా రాశాడు. షుగరుందని మాత్రం చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలంటే ఆ తొమ్మిది రోజులూ ఆవిడ ఏం తిందో అడగాలి. జ్వరం మనిషికి నీరసం తగ్గాలని మనవడు గ్లూకోజు పొడి ప్యాకెట్లు తెచ్చి కలిపి పట్టాడు. ఆ మాత్ర ఒక రోజు వేసుకుంటే తల తిరిగినట్టయిందని, మిగతా రోజులు మానేసింది. అది దేనికో తెలియని మాత్ర. మానేస్తే ఏమవుతుందో తెలియని మాత్ర.

డాక్టరు ఆవిడ మీద వెచ్చించిన సమయం రెండు విడతలూ కలిపి మూడు, నాలుగు నిమిషాలు ఉంటుందేమో. ఇది కోటబొమ్మాళి చుట్టుపక్కల దరిద్రం మాత్రమే అనుకుంటే పొరపాటు. అరవై ఏడు దేశాల లెక్కలు పోగేసి 2017లో ఒక అధ్యయనం వచ్చింది. డాక్టరు ఒక రోగిని చూసే సమయం స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు. బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. ప్రపంచ జనాభాలో సగం మంది ఉన్న దేశాల్లో అయిదు నిమిషాలు, అంతకన్నా తక్కువ. మధ్యప్రదేశ్ పల్లెల్లో పరిశోధకుడు జిష్ణు దాస్ బృందం శిక్షణ ఇచ్చిన మనుషులను రోగులుగా పంపి గమనిస్తే సగటున మూడు నిమిషాల ముప్పై ఆరు సెకన్లు తేలింది. అక్కడ వైద్యం చేస్తున్నవాళ్లలో 67 శాతం మందికి ఏ వైద్య పట్టా లేదన్నది ఆ అధ్యయనంలోనే మరో మాట. ఇంకా చేదు నిజం ఏమిటంటే, అడగాల్సినవి అడగడంలో, చూడాల్సినవి చూడడంలో పట్టా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ పెద్ద తేడా కనిపించలేదు.

నిమిషాలు పెంచితే అంతా సర్దుకుంటుందని కూడా నేననను. డాక్టరు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం రోగులు గది దాటకముందే మర్చిపోతారని పరిశోధకులు ఎప్పుడో తేల్చారు. అందుకే చాలా దేశాల్లో డాక్టర్లకూ నర్సులకూ ఒక చిన్న అలవాటు నేర్పిస్తారు. చెప్పింది రోగి చేత తిరిగి చెప్పించుకోవడం. "అమ్మా, ఇంటికెళ్లాక మీ కోడలు అడిగితే ఏం జబ్బని చెబుతావు?" అని ఒక్క ప్రశ్న. ఆ ప్రశ్నకు అరనిమిషం పడుతుంది. ఆ సాయంత్రం అది అడిగి ఉంటే గ్లూకోజు ప్యాకెట్టు ఇంట్లోకి వచ్చేది కాదు.

'శ్రీకాకుళం తీసుకెళ్లిపోండి'

తొమ్మిదో రోజు సాయంత్రం కట్టు విప్పేసరికి బొటనవేలు నల్లబడి ఉంది. వాసన. డాక్టరు మొహం మారింది. "ఇక్కడ కాదు, శ్రీకాకుళం తీసుకెళ్లిపోండి" అన్నాడు. తెల్లకాగితం మీద ఒకే ఒక్క వాక్యం రాసిచ్చారు, పెద్దాసుపత్రికి పంపుతున్నామని. ఏ మందులు వాడారు, ఎన్నాళ్లు వాడారు, షుగరు ఎంత ఉంది, ఒక్క ముక్క లేదు.

ఉత్తరాంధ్రవాళ్లకు ఈ ప్రయాణం కొత్త కాదు. ఊరి నుంచి మండలం, మండలం నుంచి టెక్కలి, టెక్కలి నుంచి శ్రీకాకుళం, అక్కడా కాదంటే విశాఖ కేజీహెచ్. ఒక్కో మెట్టూ ఎక్కుతున్నకొద్దీ కాలు కుళ్లుతుంది, గొలుసు తాకట్టుకు వెళ్తుంది, వెంట వచ్చే మనుషులు తగ్గిపోతారు. మెట్టు మెట్టుకూ మధ్య వెళ్లాల్సిన అసలు సరుకు సమాచారం. అది మాత్రం ఎక్కడిదక్కడే ఆగిపోతుంది.

శ్రీకాకుళంలో రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు మొదట అడిగింది "ఎన్నాళ్ల నుంచి షుగరు?" అనే. "సుగరు లేదు బాబూ" అంది ముసలావిడ. నిజాయితీగా చెప్పింది. అక్కడ మళ్లీ అన్ని పరీక్షలూ మొదటి నుంచి. రెండు రోజుల తర్వాత రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలిచింది. ఆపరేషనుకు డబ్బు పడలేదు. అక్కడి నర్సు ఒకావిడ మంచం పక్కన కూర్చుని ఏం తినాలి, ఏం తినకూడదు, కాలు ఎలా చూసుకోవాలి అని ఓపిగ్గా చెప్పిందట. కోడలు ఆ నర్సును తలుచుకోని పూట లేదు. వేళ్లు తీసింది ఆ ఆసుపత్రే, అయినా కోపం దాని మీద కాదు.

పెద్దాసుపత్రుల గుమ్మాల్లో ఇంకా ఘోరాలున్నాయి. 1992 జులైలో పశ్చిమబెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకు దెబ్బ తగిలితే, ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు పడకల్లేవనో పరికరాల్లేవనో తిప్పి పంపాయి. చివరికి ప్రైవేటులో చేర్చి బతికించుకున్నారు. 1996లో సుప్రీంకోర్టు, అత్యవసర వైద్యం నిరాకరించడమంటే జీవించే హక్కును కాలరాయడమేనని తీర్పిచ్చి పాతిక వేలు పరిహారం ఇప్పించింది. రెఫరల్ అనే మాట విన్నప్పుడల్లా ఆ కూలీ గుర్తొస్తాడు నాకు.

మలేరియా ఉద్యోగి భార్య

"చదువులేనివాళ్లు కాబట్టి ఇలా జరిగింది" అని తేల్చేసేవాళ్ల కోసం ఒక తెలుగు ఇంటి కథ ఉంది. హైదరాబాదులో 2002 జులైలో ఒక ప్రభుత్వోద్యోగి భార్యకు చలిజ్వరం వచ్చింది. వచ్చిపోయే జ్వరం, వణుకు. ఆయన పని చేసేది మలేరియా విభాగంలోనే. నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రిలో 20వ తేదీన చేర్చారు. అక్కడ టైఫాయిడ్ వైద్యం నడిచింది. పరిస్థితి దిగజారుతూ వచ్చింది. నాలుగు రోజుల తర్వాత మరో ఆసుపత్రికి మార్చేసరికి చేయి దాటిపోయింది. ఆ రెండో ఆసుపత్రి రికార్డులో మరణ కారణాల్లో ఒకటిగా నమోదైన పేరు మలేరియా.

ఆయన జిల్లా వినియోగదారుల ఫోరానికి వెళ్లాడు. రెండు లక్షల పరిహారం, కట్టిన పది వేలు వాపసు ఇమ్మంది ఫోరం. ఆసుపత్రి పైకి వెళ్లింది. నిపుణుల సాక్ష్యం లేదు కదా అని రాష్ట్ర కమిషన్ ఆ తీర్పు కొట్టేసింది, జాతీయ కమిషన్ అదే ఖాయం చేసింది. సుప్రీంకోర్టు 2010 మార్చి 8న దాన్ని తిరగరాసి జిల్లా ఫోరం తీర్పును నిలబెట్టింది. తప్పు కళ్లకు కట్టినట్టు కనిపిస్తున్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం కావాలని పట్టుబట్టనక్కర్లేదంది. వి. కిషన్‌రావు కేసుగా లాయర్లు ఇప్పటికీ దేశమంతా చెప్పుకునే తీర్పు అది.

గెలిచాడనుకోవాలా? రెండు లక్షల కోసం ఎనిమిదేళ్లకు నాలుగు నెలలు తక్కువ. మలేరియా గురించి ఊరందరికీ చెప్పే శాఖలో ఉన్న మనిషి మాటే మంచం పక్కన చెల్లలేదు.

కోల్‌కతాలో జరిగిన వైద్య లోపంతో 1998లో చనిపోయిన అనురాధా సాహా కేసులో 2013లో సుప్రీంకోర్టు 5.96 కోట్లు, దాని మీద వడ్డీ ఇప్పించింది. ఆమె భర్త అమెరికాలో స్థిరపడిన డాక్టరు, పదిహేనేళ్లు పోరాడాడు. పరిహారం లెక్క కట్టేటప్పుడు కోర్టులు పోయిన సంపాదన చూస్తాయి. చట్టప్రకారం సబబే కావచ్చు. కలుపు తీతకు వెళ్లే ముసలావిడ బొటనవేలికి ఆ పద్ధతిలో ఎంత పలుకుతుందో ఊహించుకోండి. బొటనవేలు లేని కాలు మడిలో నిలదొక్కుకోలేదన్న సంగతి ఏ పట్టికలోనూ ఉండదు.

┃ బాక్సు ┃ ఈ కాగితాలు మీవే
*మీ వైద్య రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల వృత్తి నియమావళి (2002) చెబుతోంది. ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి. చీటీ మీద డాక్టరు రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రోగిని పంపినందుకు కమిషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం అదే నియమావళి ప్రకారం తప్పు.*
*డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. బిల్లు బీమా సంస్థ కట్టినా వస్తుంది. అందరికీ పూర్తి ఉచితంగా చేసే ఆసుపత్రులు రావు. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. మీరుండే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. మీరు కట్టిన సొమ్ము అయిదు లక్షల లోపయితే రుసుము లేదు. లాయరు తప్పనిసరి కాదు. సలహాకు 1915 నంబరు.*
*క్లినిక్కు రిజిస్ట్రేషన్, వసతుల మీద ఫిర్యాదు జిల్లా వైద్యారోగ్యాధికారికి. డాక్టరు ప్రవర్తన మీద ఫిర్యాదు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు. బిల్లు ఇవ్వకపోతే ఫోన్‌పేలో, గూగుల్‌పేలో కట్టండి. కట్టినట్టు అదే సాక్ష్యం.*

బల్లకు అవతలి వైపు

డాక్టరు రాక్షసుడేం కాదు. పట్టణం వదిలి పల్లె దగ్గరి ఊళ్లో బోర్డు పెట్టుకోవడానికి ఎంతమంది ముందుకొస్తారు? వచ్చినవాడి మీద సాయంత్రం నాలుగు గంటల్లో వంద మంది పడతారు. అందులో సగం మంది సూది పొడవందే వైద్యం చేసినట్టే ఒప్పుకోరు. "ఏటీ రాయనేదు, మాటలే సెప్పినాడు" అని పెదవి విరిచే జనాన్ని నేనూ చూశాను. మాటకు ఫీజివ్వడం మనకు ఇష్టం ఉండదు. ఇంజెక్షనుకూ, సెలైనుకూ, పరీక్షకూ ఇస్తాం. ఏది కొంటామో అదే అమ్ముతారు. రోగిని వెంటబెట్టుకొచ్చే ఆర్‌ఎంపీకి ఇవ్వాల్సిన వాటా సంగతి సరేసరి, ఆ గొలుసులో ఎవరి పేరూ ఏ కాగితం మీదా ఉండదు.

భయమూ ఉంది. రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో 2022 మార్చిలో ప్రసవం తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, ఆసుపత్రి ముందు ఆందోళన చేశారు, హత్య కేసు పెట్టారు. ఆ వైద్యురాలు ఉరేసుకుంది. మన దగ్గర ఆసుపత్రుల మీద దాడులకు శిక్షపడేలా 2008లోనే ప్రత్యేక చట్టం తెచ్చుకోవాల్సి వచ్చింది. డాక్టరు మీద క్రిమినల్ కేసు నడవాలంటే ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని, ముందుగా మరో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలని సుప్రీంకోర్టు 2005లో జాకబ్ మాథ్యూ కేసులో గీత గీసింది ఇందుకే. కొత్త న్యాయ సంహిత 106వ సెక్షనులో కూడా నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవాళ్లకు అయిదేళ్ల దాకా శిక్ష ఉంటే, రిజిస్టరయిన డాక్టరుకు రెండేళ్ల దాకానే.

ఇంత రక్షణ ఉన్నా నోరు విప్పడానికి డాక్టర్లు భయపడతారు. పొరపాటు ఒప్పుకుంటే కేసుకు దారి చూపినట్టేనని ఒక నమ్మకం. ఈ నమ్మకమే తప్పని నా అభిప్రాయం. అభిప్రాయమే కాదు, ఆధారమూ ఉంది. ఇంగ్లండులో పరిశోధకుడు చార్ల్స్ విన్సెంట్ బృందం డాక్టర్ల మీద చట్టపరమైన చర్యకు దిగిన 227 మంది రోగులను, బంధువులను ఎందుకు దిగారని అడిగి 1994లో ప్రచురించింది. డబ్బు ఒక కారణమే. అసలేం జరిగిందో చెప్పేవాళ్లు లేకపోవడం, ఇంకొకరికి ఇలా కాకూడదన్న పట్టుదల, చేసినవాళ్లు బాధ్యత తీసుకోవాలన్న కోరిక, ఇవన్నీ ఆ జవాబుల్లో ఉన్నాయి. అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ ఆసుపత్రులు 2001 నుంచి వేరే దారి పట్టాయి. తప్పు జరిగితే తామే ముందుగా చెప్పడం, క్షమాపణ అడగడం, పరిహారం ఇవ్వజూపడం. తర్వాత లెక్క చూస్తే కొత్తగా వచ్చే పరిహారం కేసులు మూడో వంతుకు పైగా తగ్గాయి, తెగే కాలమూ తగ్గింది.

మన చిన్న క్లినిక్కుకు మిషిగన్ అక్కర్లేదు. గోడ మీద తెలుగులో ఫీజులు రాయడం, రక్తపరీక్ష కాగితం మీద అంకె పక్కన 'ఎక్కువ' అని తెలుగులో ఒక్క మాట రాయడం, పెద్దాసుపత్రికి పంపేటప్పుడు వాడిన మందుల జాబితా జత చేయడం. ఇందులో ఏ ఒక్కదానికీ పెట్టుబడి లేదు. చదువుకున్న కాంపౌండరు ఒకడిని మాట చెప్పడానికే కూర్చోబెడితే ఇంకా మేలు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో రోగుల హక్కుల పత్రం తయారు చేసింది, కేంద్రం దాన్ని రాష్ట్రాలకు పంపింది. జబ్బేమిటో, వైద్యమేమిటో అర్థమయ్యే భాషలో తెలుసుకోవడం అందులో మొదటి వరుసలో ఉన్న హక్కు. ఆ పత్రం అంటించిన చిన్న క్లినిక్కు గోడ నా కంటబడలేదు.

ఎవరి తలుపు కొట్టాలి?

ఇంట్లో ఇప్పుడు రెండు మాటలు నడుస్తున్నాయి. కొడుకు ఫోనులో కేసు వేద్దామంటాడు. హైదరాబాదులో తనతో పనిచేసే మేస్త్రీకి తెలిసిన లాయరున్నాడట. మామ ఒప్పుకోవడం లేదు.

"కేసూ గీసూ ఒద్దు. నాలుగేళ్ల కిందట మన గుంటడికి అర్ధరాత్రి జొరమొచ్చి కొట్టుకుంటా ఉంటే తలుపు తీసింది ఆ డాక్టరుబాబే. డబ్బులు రేపివ్వండన్నాడు. రేపు రాత్రి మల్లీ ఏటయినా అయితే ఎవులి తలుపు కొడతాం?"

ఆ మాటకు ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. రాత్రి పదింటికి ఆ చుట్టుపక్కల తెరిచే తలుపులు ఎన్నో అందరికీ తెలుసు. ఫిర్యాదు పెట్టెలు, కమిషన్లు, కౌన్సిళ్లు ఉన్నా పల్లె ఎందుకు నోరు మెదపదో మామ చెప్పినంత తేటగా ఏ నివేదికా చెప్పలేదు.

కోడలికి కేసు మీద మోజు లేదు. డబ్బూ అడగనంటుంది. ఒకసారి ఆ గదిలోకి వెళ్లి, టోకెను తీసుకునే వెళ్లి, మొదటి రోజే మాకెందుకు చెప్పలేదని డాక్టరును అడగాలని ఉంది ఆమెకు. ఒక్కర్తివీ వెళ్లొద్దు, సంక్రాంతికి నేనొచ్చాక వెళ్దాం అన్నాడు భర్త. అత్తను ఎవరూ అడగలేదు. అడిగితే, "నాను కూడా వత్తాను" అంది.